రెండు కాలి ఎముకలు, ఒక పెద్ద చిలుక: మీ ప్రశ్నలు, మా జవాబులు

పోయిన సంచికలో న్యూజిలాండ్ పెద్ద చిలుక శిలాజం గురించి నాలుగు ముక్కలు రాశాం. దానికి ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. ఒకే ప్రశ్న చాలామంది అడిగిన చోట కలిపేసి ఇస్తున్నాను. ఆ సంచిక చూడనివారి కోసం సంగతి ఇదీ: న్యూజిలాండ్ దక్షిణ దీవిలో సెయింట్ బేథన్స్ అనే ఊరి దగ్గర 2008లో ఒక పెద్ద పక్షి కాలి ఎముకలు దొరికాయి. అవి చిలుకవని 2019లో బయాలజీ లెటర్స్ అనే పత్రికలో ప్రకటించి, హెరాక్లిస్ ఇనెక్స్‌పెక్టేటస్ అని పేరు పెట్టారు. వయసు 1.6 కోట్ల నుంచి 1.9 కోట్ల ఏళ్ల మధ్య. ఎత్తు మీటరు దాకా, బరువు ఏడు కిలోలు ఉండొచ్చని అంచనా. ఇక మీ ప్రశ్నలు.

ప్రశ్న: రెండు ఎముకలు, అవి కూడా విరిగినవి. వాటిని చూసి "ఇది చిలుక" అనేయడమేంటండీ? ముక్కు లేదు, ఈక లేదు. నాకైతే నమ్మబుద్ధి కావడం లేదు.

మీ అనుమానం న్యాయమైనదే. ముందు ఒక చిలుక కాలి ఎముకల్ని దగ్గరగా చూద్దాం, అప్పుడు మీరే తేల్చుకోండి.

పక్షి కాలులో తొడ ఎముక కింద ఒక పొడుగాటి ఎముక ఉంటుంది, దాని కింద వేళ్లను మోసే ఇంకో ఎముక. ఈ రెండోది కొంగలో సన్నగా పొడుగ్గా సాగి ఉంటుంది, చిలుకలో పొట్టిగా వెడల్పుగా ఉంటుంది. దాని అడుగున మూడు బొడిపెలుంటాయి, ఒక్కోదానికీ మధ్యలో కప్పీ చక్రానికి ఉన్నట్టు గాడి. ముందుండే మూడు వేళ్లూ ఆ మూడు బొడిపెల మీద ఆడతాయి. కాకిలోనో కోడిలోనో ఈ మూడూ ముందు వైపుకే ఉంటాయి. చిలుక అలా కాదు, దానికి రెండు వేళ్లు ముందుకి, రెండు వెనక్కి. కాబట్టి బయటి వైపు బొడిపె వెనక్కి తిరిగి, పక్కన ఇంకో చిన్న బొడిపెను కూడా పెంచుకుని ఉంటుంది. కొమ్మను గట్టిగా పట్టుకోవడానికి, కాయను పాదంతో ఎత్తి నోటికందించడానికి పనికొచ్చే ఏర్పాటు అది. వడ్రంగిపిట్టకీ కోకిలకీ కూడా వేళ్లు ఇలాగే రెండు ముందుకీ రెండు వెనక్కీ ఉంటాయి కదా అని మీరు అడగొచ్చు. ఉంటాయి, కానీ వాటి బొడిపెల ఆకారం వేరు. పక్కపక్కన పెట్టి చూస్తే అలవాటున్న కంటికి తేడా తెలిసిపోతుంది.

హెరాక్లిస్‌ విషయంలో దొరికినవి ఈ వేళ్లను మోసే ఎముకలు కావు, వాటికి పైన ఉండే పొడుగాటి ఎముకల భాగాలు. అందుకే పని కష్టమైంది. ఆ ఎముక చివర కీలు దగ్గర ఉబ్బులు, గుంటలు, స్నాయువులు జారే దారులు ఒక్కో పక్షి కుటుంబంలో ఒక్కో రకంగా ఉంటాయి. డేగ, గద్ద, బాతు, పావురం, కొంగ ఇలా పెద్ద పక్షుల ఎముకల్ని ఒక్కొక్కటే పక్కన పెట్టుకుని చూస్తూ పోతే చివరికి సరిపోయింది చిలుకతోనే. అందులోనూ న్యూజిలాండ్‌లో ఇప్పటికీ ఉన్న కాకాపో, కియా అనే చిలుకల వంశానికే ఇది చెందుతుందని అంటున్నారు, అదైనా తాత్కాలికంగానే. చిలుక అన్న మాట గట్టిది, ఏ శాఖ చిలుక అన్నది అంత గట్టిది కాదు. ఈ రెండు మాటల మధ్య తేడాను శాస్త్రవేత్తలు తమ వ్యాసంలో జాగ్రత్తగానే చూపిస్తారు. వార్తల్లోకి వచ్చేసరికి రెండూ ఒకే గొంతుతో వినబడతాయి.

ప్రశ్న: 2008లో దొరికితే 2019 దాకా ఏం చేశారు? పదకొండేళ్లు అల్మారాలో పడేసి మరిచిపోయారంటే అది నిర్లక్ష్యం కాదా?

ఈ ప్రశ్న చాలామంది అడిగారు, కొందరు కోపంగా కూడా. నేను మాత్రం ఆ అల్మారా వైపే మాట్లాడతాను.

సెయింట్ బేథన్స్ దగ్గర ఒకప్పుడు మనుహెరికియా అనే చాలా పెద్ద సరస్సు ఉండేది. దాని అడుగున పేరుకున్న మట్టి పొరల్లోంచి తవ్వి, నీళ్లలో కడిగి, జల్లెడ పట్టి తీస్తే చిన్న చిన్న ఎముకలు వస్తాయి. అలా వేల కొద్దీ పక్షి ఎముకలు వచ్చాయి, వాటిలో ఎక్కువ భాగం బాతులవి. సరస్సు కాబట్టి అంతే మరి. అడవిలో తిరిగే పక్షి ఎముక సరస్సులో చేరడం ఎప్పుడో గానీ జరగదు. ఇన్ని వేల ముక్కల మధ్య పెద్ద పక్షి కాలి ఎముక కనబడితే డేగదేమో అనుకోవడంలో తప్పేం లేదు. అంత పెద్ద చిలుక ఎక్కడా లేదు, ఉంటుందని ఎవరూ అనుకోలేదు. చిలుకల సొరుగు తెరిచి పోల్చి చూడాలని ఎవరికి తోస్తుంది?

తర్వాత ఆస్ట్రేలియాలో ఫ్లిండర్స్ విశ్వవిద్యాలయంలో ట్రెవర్ వర్దీ పరిశోధనశాలలో ఒక విద్యార్థిని తన పని కోసం ఆ ఎముకల్ని మళ్లీ బయటికి తీశారు. అవి డేగకు సరిపోలేదు. అక్కడి నుంచి వెతుకులాట మొదలై చిలుక దగ్గర ఆగింది. వర్దీతో పాటు మైకేల్ ఆర్చర్, సుజాన్ హ్యాండ్, పాల్ స్కోఫీల్డ్ కలిసి దాన్ని ప్రకటించారు.

ఇప్పుడు చెప్పండి, ఈ చిలుకను కనుక్కున్నది ఎప్పుడు? మట్టిలోంచి తీసిన రోజా, డేగ కాదని తేలిన రోజా? నన్నడిగితే రెండోదే. తవ్వితే ఎముక దొరుకుతుంది, పోల్చి చూస్తేనే పక్షి దొరుకుతుంది. ఆ పోల్చే పనికి సమయం కావాలి, కళ్లు కావాలి, అన్నిటికంటే ముందు ఎముక ఎక్కడికీ పోకుండా, ఏ పొరలో ఏ తేదీన దొరికిందో రాసిన చీటీతో సహా భద్రంగా ఉండాలి. పదకొండేళ్ల తర్వాత ఒక విద్యార్థిని సొరుగు లాగితే అది అక్కడే ఉంది చూశారా, దాన్ని నేను నిర్లక్ష్యం అనలేను. ఆ సొరుగులకు డబ్బు దండగ అనేవాళ్లు, మ్యూజియం అంటే జనం చూసే గాజు పెట్టెలే అనుకునేవాళ్లు ఈ చిలుక సంగతి ఒకసారి తెలుసుకోవాలి.

ఇది కొత్తగా జరిగింది కూడా కాదు. మారిషస్‌లో థిరియూ అనే ఒక మంగలి ఉండేవాడు. ప్రకృతి శాస్త్రం మీద పిచ్చి ఇష్టం. 1900 తర్వాత తొలి ఏళ్లలో కొండల్లో గుహల్లో తిరిగి అంతరించిన పక్షుల ఎముకలు ఏరి పంపేవాడు. కొన్ని ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్ మ్యూజియానికి చేరాయి. అక్కడ అవి ఒక పెద్ద చిలుక ఎముకల మధ్యే ఉండిపోయాయి. 1973లో హోలియోక్ అనే శాస్త్రవేత్త వాటిని చూస్తూ కొన్ని మరీ చిన్నగా ఉన్నాయని గమనించి, అది ఇంకో జాతి చిలుక అని ప్రకటించాడు. ఎముకలు ఏరిన మనిషికీ జాతిని గుర్తించిన మనిషికీ మధ్య దాదాపు డెబ్బై ఏళ్లు. ఇప్పుడు ఆ చిలుకను థిరియూ పేరుతోనే పిలుస్తారు, నాకు ఆ సంగతి చాలా నచ్చుతుంది.

ప్రశ్న: చిన్న ఎముకలైతే వేరే జాతి అయిపోతుందా? మగది పెద్దగా ఆడది చిన్నగా ఉండొచ్చు, లేదా అది పిల్ల కావచ్చు కదా?

పరీక్ష పేపర్లో పెట్టాల్సిన ప్రశ్న ఇది. ఎముకల నుంచి కొత్త జాతిని చెప్పేవాళ్లకు టెన్షన్ అంతా ఇక్కడే.

పిల్ల సంగతి కొంచెం సులువు. పెరుగుతున్న పక్షి ఎముక చివర్లు గట్టిపడవు, పైన సన్నని రంధ్రాలతో గరుకుగా ఉంటుంది. ముదిరిన ఎముక నున్నగా ఉంటుంది. పిల్ల ఎముకతో కూడా జాతిని ప్రకటించిన సందర్భం ఉంది: కరీబియన్‌లోని సెయింట్ క్రోయీ దీవిలో దొరికిన ఒకే ఒక్క కాలి ఎముకతో అలెగ్జాండర్ వెట్‌మోర్ 1937లో ఒక మకావ్ జాతికి పేరు పెట్టాడు. అది పూర్తిగా ఎదగని పక్షిది. చాలామంది అనుమానంగా చూశారు. 2008లో ప్యూర్టోరికో నుంచి అదే జాతివని చెప్పదగ్గ ఇంకొన్ని ఎముకలు వివరించాక ఆ పేరుకు బలం వచ్చింది.

మగ ఆడ తేడా కష్టం. మారిషస్‌లోనే దీనికి ఉదాహరణ ఉంది. వెడల్పు ముక్కు చిలుక అని ఒకటి ఉండేది. 1865లో జార్జ్ క్లార్క్ అనే బడిపంతులు మార్ ఓ సాంజ్ అనే చిత్తడి నేలలో డోడో ఎముకలు బయటికి తీయించాడు, వాటితో పాటు ఇంకా చాలా జీవుల ఎముకలు వచ్చాయి. వాటిలో ఒక కింది దవడను చూసి 1866లో లండన్‌లో రిచర్డ్ ఓవెన్ ఇదొక పెద్ద చిలుక అని ప్రకటించాడు. చిలుక దవడను గుర్తుపట్టడం కాలి ఎముక కంటే తేలిక: పొట్టిగా, లోతుగా, ముందు భాగం నరికేసినట్టు మొద్దుగా ఉంటుంది, ఇలాంటిది ఇంకో పక్షికి లేదు. తర్వాత అదే జాతివి ఇంకా ఎముకలు దొరికే కొద్దీ పెద్దవీ చిన్నవీ రెండు గుంపులుగా కనబడ్డాయి. ఆకారం ఒకటే, కొలత మాత్రమే వేరు. కాబట్టి అవి మగ, ఆడ అనుకోవడమే సబబు అని తేల్చారు.

మరి థిరియూ చిలుకను ఎందుకు వేరు చేశారు? ఎందుకంటే అక్కడ తేడా కొలతతో ఆగలేదు, ఆకారంలోనూ ఉంది. పైగా 2007లో జూలియన్ హ్యూమ్ ఆ దీవుల చిలుకలన్నిటినీ మళ్లీ పరిశీలించి, అది వెడల్పు ముక్కు చిలుక ఉన్న ప్రజాతిలోది కాదు, మనకు బాగా తెలిసిన రామచిలుకల ప్రజాతి సిట్టాక్యులాలోకి వస్తుందని మార్చాడు. అంటే మొదట గుంపులో కలిసిపోయిన ఎముక, తర్వాత వేరే జాతి, ఆ తర్వాత వేరే ప్రజాతి. ఎముక మారలేదు, దాని పక్కన పెట్టి చూసేవి పెరిగాయి.

ఆ చిలుక గురించి ఒక్క మాట చెప్పకుండా ఉండలేను. 1602లో మారిషస్‌లో దిగిన డచ్ నావికుల కథనంలో ఉంది: బూడిద రంగు చిలుకను ఒకదాన్ని పట్టుకుని అరిపిస్తే, చుట్టుపక్కల చిలుకలన్నీ వందల్లో దాని కోసం ఎగిరొచ్చేవట, వచ్చిన వాటిని వచ్చినట్టే పట్టుకునేవారట. తోటి పక్షి అరుపు విని వచ్చే గుణమే వాటి ప్రాణం తీసింది. ఈ సంగతి ఏ ఎముకా చెప్పలేదు, మనుషులు రాసి పెట్టారు కాబట్టి తెలిసింది.

ప్రశ్న: ఏడు కిలోలు అని అంత కచ్చితంగా ఎలా చెప్పారు? ఎగిరేదా? మిగతా చిలుకల్ని తినేదని ఎక్కడో చదివాను, నిజమా?

బరువంతా కాళ్ల మీదే కదా పడేది. అందుకే కాలి ఎముక ఎక్కడ అన్నిటికంటే సన్నగా ఉందో అక్కడ దాని చుట్టుకొలత తీసుకుంటారు. బతికున్న పక్షుల్లో ఆ చుట్టుకొలతకూ బరువుకూ ఉన్న లెక్కలోకి దాన్ని పెడితే అంచనా వస్తుంది. హెరాక్లిస్‌కు అలా ఏడు కిలోలకు దగ్గరగా వచ్చింది. ఇప్పుడున్న చిలుకల్లో అన్నిటికంటే బరువైన కాకాపోలో మగది నాలుగు కిలోల దాకా తూగుతుంది. బరువు మాటను నేను నమ్ముతాను. మీటరు ఎత్తు అన్నది ఆ బరువు నుంచి మళ్లీ ఊహించింది కాబట్టి దాన్ని కొంచెం వదులుగా పట్టుకోండి.

ఎగరడం గురించి చెప్పాలంటే రెక్క ఎముక, రొమ్ము ఎముక కావాలి. అవి దొరకలేదు. అంత బరువుతో, దీవిలో, నేల మీద తిరిగే పాలిచ్చే వేటజంతువుల బెడద పెద్దగా లేని చోట బతికింది కాబట్టి ఎగిరేది కాదేమో అంటున్నారు. కాకాపో కూడా ఎగరలేదు కాబట్టి ఈ ఊహకు ఆధారం ఉంది, అయినా ఊహే.

తిండి మాట అంతకంటే పలచన. పరిశోధకుల్లో ఒకరు "మిగతా చిలుకల్ని కూడా తిని ఉండొచ్చు" అని విలేకరులతో అనడంతో అదే శీర్షిక అయిపోయింది. కియా చిలుకలు బతికున్న గొర్రెల వీపు మీద కొవ్వు పొడుచుకు తింటాయి కాబట్టి ఆ ఆలోచన గాల్లోంచి ఊడిపడింది కాదు. కానీ ఒక చిలుక ఏం తినేదో చెప్పేది ముక్కు, దవడ. హెరాక్లిస్‌వి ఆ రెండూ ఎవరూ చూడలేదు. అప్పటి న్యూజిలాండ్ ఇప్పటి కంటే వెచ్చగా ఉండేదని, తాటి జాతి చెట్లు, రకరకాల కాయలు కాసే అడవి ఉండేదని, సరస్సులో మొసళ్ల చుట్టాలు కూడా ఉండేవని అదే చోట దొరికిన పుప్పొడి, ఎముకలు చెబుతున్నాయి. కాయలకు కొదవ లేని అడవిలో పెద్ద చిలుక ముందు కాయలే తిని ఉంటుందని నా అభిప్రాయం.

ప్రశ్న: మీ పత్రికలో వేసిన బొమ్మలో అది ఆకుపచ్చగా ఉంది. ఎముకకు రంగు ఎక్కడిది?

ఎముకకు రంగు లేదు. బొమ్మ గీసినవారు కాకాపోను చూసి ఆ రంగు వేస్తారు.

ఈకలే రాతిలో అచ్చుపడితే కొన్నిసార్లు నలుపు, గోధుమ రంగుల కణాల ఆనవాళ్లు మిగులుతాయి, సూక్ష్మదర్శినిలో చూసి చెప్పొచ్చు. కానీ చిలుక విషయంలో అదీ సగం కథే. చిలుకల ఎరుపు, పసుపు రంగులు వాటి శరీరమే తయారు చేసుకునే ప్రత్యేకమైన పదార్థాల వల్ల వస్తాయి, మిగతా పక్షుల్లో అవి ఉండవు. ఆకుపచ్చ అయితే ఆ పసుపు ఒకటి, ఈక లోపలి అమరిక వెలుతురును చెదరగొట్టి పుట్టించే నీలం ఒకటి, రెండూ కలిస్తే వస్తుంది. ఇవన్నీ కోట్ల ఏళ్లు నిలిచేవి కావు. కాబట్టి బొమ్మ చూసి సంతోషించండి, రంగును మాత్రం గుర్తుపెట్టుకోకండి. మారిషస్ వెడల్పు ముక్కు చిలుకకు తల ముందు భాగంలో కుచ్చు ఉండేదని మనకు తెలుసంటే, 1601లో గెల్డర్‌లాండ్ అనే డచ్ ఓడ దినచర్య పుస్తకంలో ఎవరో గీసిన బొమ్మల వల్లే.

ప్రశ్న: డీఎన్‌ఏ తీస్తే అన్నీ తేలిపోతాయి కదా, ఇంత తర్జనభర్జన ఎందుకు?

1.6 కోట్ల ఏళ్ల ఎముకలో డీఎన్‌ఏ ఉండదు. ఇప్పటిదాకా తీయగలిగిన అతి పాతది గ్రీన్‌లాండ్‌లో గడ్డకట్టిన నేలలోంచి, దాదాపు ఇరవై లక్షల ఏళ్లది. అంత చలిలో అన్నేళ్లు. దీవుల గుహల్లో వందలు, వేల ఏళ్ల కిందట పడిన చిలుక ఎముకల్లో దొరికే అవకాశం ఉంది, అయినా వేడి, తేమ ఉన్నచోట అది త్వరగా చెడిపోతుంది. కాబట్టి మనకు ఎముక ఆకారమే దిక్కు.

ప్రశ్న: వయసు ఎలా కడతారు? కార్బన్ పరీక్షేనా?

కార్బన్ పరీక్ష సుమారు యాభై వేల ఏళ్ల దాకే పనికొస్తుంది. పసిఫిక్‌లోని టోంగా దీవుల ఎముకలకూ, మారిషస్ ఎముకలకూ అది సరిపోతుంది. హెరాక్లిస్ లాంటి వాటికి ఎముకను వదిలేసి అది పడి ఉన్న పొరను చూస్తారు: ఆ పొరలో ఏ పుప్పొడి ఉంది, పైన ఏ పొర, కింద ఏ పొర, ఎక్కడైనా అగ్నిపర్వతం బూడిద ఉంటే దాని వయసెంత. అందుకే పొర వివరం లేని శిలాజం ఎంత అందంగా ఉన్నా సగం మూగదే.

టోంగా మాట వచ్చింది కాబట్టి చెబుతాను. అక్కడా వనువాటులోనూ ఎక్లెక్టస్ అనే ప్రజాతి చిలుక ఒకటి ఉండేది, 2006లో డేవిడ్ స్టెడ్‌మన్ ఎముకల నుంచే దానికి పేరు పెట్టాడు. ఇప్పుడున్న ఎక్లెక్టస్ కంటే దాని రెక్కలు ఒంటితో పోలిస్తే చిన్నవి. పసిఫిక్ దీవుల్లో ఇలా ఎముకలుగా మాత్రమే మిగిలిన పక్షులు ఎన్నో. మనుషులు వచ్చారు, ఎలుకలు వచ్చాయి, అడవి తగలబడింది. హెరాక్లిస్ విషయంలో మనం దోషులం కాదు, మనిషి అనేవాడే లేని కాలం అది. ఈ పక్షుల విషయంలో అలా చెప్పుకోలేం.

ప్రశ్న: ఇంత తక్కువ ఆధారంతో చెప్పింది ఎప్పుడైనా తప్పని తేలిందా? నిజం చెప్పండి.

తేలింది, దాచాల్సిన పని లేదు. డెన్మార్క్‌లో దొరికిన సుమారు 5.4 కోట్ల ఏళ్ల రెక్క ఎముక ఒకటి ఉంది, భుజం నుంచి మోచేతి దాకా ఉండే ఎముక. 2008లో దాన్ని చాలా పాత చిలుకగా ప్రకటించి మోప్సిటా అని పేరు పెట్టారు. తర్వాత వేరే నిపుణులు చూసి ఇది చిలుక కాకపోవచ్చు, కంకణం పిట్టల వైపు చుట్టరికం ఉన్న ఒక పాత పక్షిదేమో అన్నారు. 1998లో అమెరికాలోని వయోమింగ్‌లో డైనోసార్ల కాలపు పొరలో దొరికిన దవడ ముక్కను చిలుకదన్నారు, మరుసటి ఏడాదే దానికి అభ్యంతరం వచ్చింది.

ఇలాంటివి విని కొందరు "చూశారా, వీళ్లకేం తెలీదు" అంటారు. నాకది అర్థం కాదు. ఎముక మ్యూజియంలో ఉంది, కొలతలు, ఫొటోలు అచ్చులో ఉన్నాయి, ఎవరైనా వెళ్లి చూసి కాదనొచ్చు, కాదన్నారు కూడా. ఎవరో దాచుకున్న ఎముక గురించి ఇలా వాదించుకునే వీలే ఉండదు. జంతువుల పేర్ల అంతర్జాతీయ నియమావళి ప్రకారం కూడా, 1999 తర్వాత కొత్త జాతికి పేరు పెడితే ఇదిగో ఈ ఎముకకే ఈ పేరు అని ఒక నమూనాను చూపించి తీరాలి. దాన్నే హోలోటైప్ అంటారు. రేపు ఎవరికి సందేహం వచ్చినా వాదన ఆ ఒక్క ఎముక దగ్గరికి వెళ్లి తేలాలి.

మరి వింతగా అనిపించినా నిలబడినవీ ఉన్నాయి. 2016లో సైబీరియాలో, బైకాల్ సరస్సులోని ఓల్ఖోన్ దీవి నుంచి నికితా జెలెంకోవ్ ఒక చిన్న ఎముక ముక్కను చిలుకదని చూపించాడు. నేను మొదట్లో చెప్పిన ఎముకే, వేళ్లను మోసే పొట్టి ఎముక. సైబీరియాలో చిలుక ఏంటి అనిపిస్తుంది. అది 1.6 నుంచి 1.8 కోట్ల ఏళ్ల నాటిది, అప్పుడు అక్కడ ఇంత చలి లేదు. ముక్క చిన్నదే అయినా చెప్పగలిగే చోటి ముక్క, అందుకే చెల్లింది. అతను దానికి కొత్త జాతి పేరు పెట్టలేదు, చిలుక అని చెప్పి అక్కడితో ఆగాడు. ఆ నిగ్రహం చూస్తే నాకు గౌరవం కలుగుతుంది.

ప్రశ్న: నేను డిగ్రీ జువాలజీ చదువుతున్నాను. ఇలాంటి పని చేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? ఎప్పుడైనా తవ్వకాల్లో ఎముక కనబడితే తీసుకోవచ్చా?

శిలాజాలతో మొదలుపెట్టకండి. బతికున్న పక్షుల ఎముకలతో మొదలుపెట్టండి. ప్రతి పెద్ద మ్యూజియంలోనూ ఇప్పటి పక్షుల అస్థిపంజరాల సేకరణ ఒకటి ఉంటుంది. సహజంగా చనిపోయిన పక్షి వస్తే దాన్ని తూచి, కొలిచి, మాంసం తినే చిన్న పురుగులున్న పెట్టెలో పెడతారు. అవి ఒక్క కీలు కూడా పాడుచేయకుండా ఎముకల్ని శుభ్రం చేసి పెడతాయి. తర్వాత ఒక్కో ఎముక మీదా సన్నని కలంతో సంఖ్య రాసి, పెట్టెలో చీటీ పెడతారు: జాతి, మగదా ఆడదా, బరువు, ఎక్కడ, ఎప్పుడు. హెరాక్లిస్ బరువు కట్టింది ఇలాంటి చీటీల మీద రాసిన బరువులతోనే. మీకు అనుమతి దొరికితే అక్కడ కూర్చుని ఒకే ఎముకను, ఉదాహరణకు ఆ వేళ్లను మోసే ఎముకనే, ఇరవై కుటుంబాల పక్షుల్లో చూసి చేత్తో బొమ్మలు గీయండి. ఫొటో తీసుకుంటే చాలదు. గీసేటప్పుడు ప్రతి గాడీ ఎటు తిరిగిందో చూడక తప్పదు, అప్పుడే అది మనసులో నిలుస్తుంది.

ఇక ఎముక కనబడితే ముందు తీయకండి. పక్కన స్కేలో నాణెమో పెట్టి ఉన్నచోట ఉన్నట్టే ఫొటో తీయండి, పొర కనబడేలా కొంచెం దూరం నుంచి ఇంకోటి తీయండి. ఫోన్‌లో ఆ చోటు గుర్తు పెట్టుకోండి. దగ్గర్లోని విశ్వవిద్యాలయం జియాలజీ విభాగానికో మ్యూజియానికో చెప్పండి. చాలా దేశాల్లో శిలాజాలు తీసుకెళ్లడానికి అనుమతి కావాలి, ఆ నియమం కూడా వాళ్లే చెబుతారు. వాన వచ్చి కొట్టుకుపోయేలా ఉంటే, తీయక తప్పకపోతే, చుట్టూ ఉన్న మట్టితో సహా తీసి మెత్తటి కాగితంలో చుట్టండి. జిగురు పూయకండి, కడగకండి, మెరుగు పెట్టకండి. చీటీ రాసి అందులోనే పెట్టండి, తేదీతో సహా.